మా న్యూస్ డెస్క్‌లో ఏఐ వాడకానికి రూల్స్ రాయాలి, సలహా ఇవ్వగలరా?

నమస్కారమండీ. మాది చిన్న తెలుగు న్యూస్ వెబ్‌సైట్. కంట్రిబ్యూటర్లు పంపే వార్తలు దిద్దడానికి, హెడ్డింగ్‌లు పెట్టడానికి డెస్క్‌లో అందరూ చాట్‌జీపీటీ వాడుతున్నారు. వద్దంటే ఆగేది కాదు, పని కూడా తేలికవుతోంది. అందుకే ఒక పేజీ రూల్స్ రాయమని ఎడిటర్ గారు నాకు అప్పగించారు.

2023 నవంబర్‌లో పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ, జర్నలిజంలో ఏఐ వాడకంపై తెచ్చిన పారిస్ చార్టర్ చదివాను. ప్రచురించినదానికి సంస్థదే బాధ్యత అంటుంది. నిజమే, కానీ డెడ్‌లైన్ మీదున్న సబ్ ఎడిటర్‌కి ఇది చాలదు.

నా అసలు టెన్షన్ ఎఫ్‌ఐఆర్‌ల గురించి. పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం బాధిత పిల్లల్ని గుర్తుపట్టే వివరాలేవీ మీడియా బయటపెట్టకూడదు. వార్తలో పేరు, ఊరు, స్కూలు తీసేస్తాం సరే. మరి సారాంశం కోసం ఎఫ్‌ఐఆర్ మొత్తాన్ని చాట్‌బాట్‌లో పెడితే? అవన్నీ బయటి కంపెనీ సర్వర్‌కి వెళ్లినట్టే కదా! వివరాలు కొట్టేసి పెట్టమనాలా, ఇలాంటి కేసుల్లో ఏఐ అసలు ముట్టుకోవద్దనాలా? నాకైతే రెండోదే సేఫ్ అనిపిస్తోంది. మీ ఆఫీసుల్లో ఏం చేస్తున్నారు?

ఇంకోటి, అక్షరదోషాలు దిద్దించినా 'ఏఐ సాయంతో' అని వేయాలా, లేక అనువాదం, ఫొటోలకే చాలా? అనువాదంలో మిలియన్లు లక్షలైనప్పుడు అంకెలు సరిచూసే బాధ్యత ఎవరికి ఇచ్చారు? 2023లో టెక్ వార్తల వెబ్‌సైట్ సీనెట్ ఏఐతో రాయించిన 77 కథనాల్లో 41కి సవరణలు వేయాల్సి వచ్చింది. మాకు అంత స్టాఫ్ లేదు.

తెలుగులో ఇలాంటి రూల్స్ ఎవరైనా రాసుకుని ఉంటే దయచేసి పంచుకోండి.