రాత్రి కేర్‌టేకర్ దొంగచాటుగా ఫోన్ ఇస్తోంది, తీసేయమంటున్నారు. ఏం చేయాల?

శనక్కాయచేను (అనంతపురం):
ఆడోళ్ల డీఅడిక్షన్ హోమ్‌లో సూపర్‌వైజర్‌ని. తాగుడుకు వచ్చినోళ్లే ఎక్కువ, నిద్రమాత్రలకు అలవాటు పడినోళ్లు కొందరు. నర్సులు, కౌన్సిలర్, వంటామె, ఆయాలు, రాత్రి కేర్‌టేకర్లు... అందరి డ్యూటీలూ నేనే వేస్తా.

రాత్రి కేర్‌టేకర్లలో ఒకామె మా దగ్గరే బాగయి, తర్వాత పనిలో చేరింది. కొత్తగా వచ్చినోళ్లకు ఒంట్లో తేడా వస్తే నర్సు కంటే ముందు ఈమె కనిపెడుతుంది. మొన్న ఒకామె నడిరేయి లేచి కూచుని, చీమలు పాకుతున్నాయని చీర కుచ్చిళ్లు దులుపుకుంటా ఉంది. పక్క మంచం ఆమె నవ్వింది. మా కేర్‌టేకర్ మాత్రం ఒళ్లు పట్టి చూసి, వెంటనే నర్సును లేపి డాక్టరుకు ఫోన్ చేయించింది. ఆ రాత్రే పెద్దాసుపత్రిలో చేర్చినాం.

ఇంత తెలివైన మనిషి, రిజిస్టర్ మాత్రం రాయదు. రాసినా "అందరూ బాగా పండుకునిరి" అని ఒకటే ముక్క, దినామూ అదే. పైగా తన ఫోన్ ఇస్తుంది. మా హోమ్‌లో మొదటి పదిహేను రోజులు ఎవరికీ ఫోన్ లేదు. ఈమె బట్టలుతికే బండ కాడికి తీసుకుపోయి మాట్లాడిస్తా ఉందని పగలు డ్యూటీ వాళ్లు పట్టుకున్నారు. పిలిచి అడిగితే, "మేడమ్, రేపు డ్వాక్రా కంతు కట్టాల. లీడరుకు ఒక మాట చెప్పకుంటే ఆమె ఊళ్లో తలెత్తుకుని తిరగాల్నా వద్దా? మనం మాన్పించేది తాగుడు గానీ సంసారం కాదు గదా" అనింది. నాకు నోట మాట రాలేదు.

ఫోన్ కంటే నాకు ఎక్కువ గుబులు ఇంకోటి. ఇంటికి పోయిన ఒకామెకు 2,000 అప్పు ఇచ్చిందంట. ఇప్పుడు ఆమె రాత్రిళ్లు ఫోన్ చేసి మళ్లీ అడుగుతా ఉందంట.

కమిటీ వాళ్లు తీసేయమంటున్నారు. "మేం చేస్తే ఊరుకుందురా" అని పగటోళ్లు. అదీ న్యాయమే. ఇట్లాంటోళ్లను మీరెట్ల నడిపిస్తారో చెప్పండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
సైకియాట్రీ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ముందు మీ రూలు సంగతి చూడండమ్మా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. 26వ సెక్షన్‌లో ఫోన్లు మాట్లాడే హక్కు, చూడ్డానికి వచ్చినవాళ్లను కలిసే, కలవనని చెప్పే హక్కు ఉన్నాయి. వేళలు మీరు పెట్టుకోవచ్చు. పదిహేను రోజులు అసలు ఫోనే లేదంటే మాత్రం రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేరు. మూడేళ్లలోపు బిడ్డను కూడా మామూలుగా తల్లి దగ్గరనుంచి వేరు చేయకూడదు. అదీ ఒకసారి చూసుకోండి.

రిజిస్టర్ విషయంలో మాత్రం నేను మీ పక్షమే. ఆఖరుసారి తాగిన తర్వాత మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పడం, లేనివి కనపడటం, జ్వరం. మీ చీమలామెది ఇదే అయి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చే సంగతి. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి, అవి ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. కాబట్టి "బాగా పండుకునిరి" అనేది పనికిరాదు. ఆమెకు రాయడం కష్టమైతే పొద్దున నర్సు ఒక్కొక్కరి గురించి అడిగి రాసుకోవాలి: ఆఖరి తాగుడు ఎప్పుడు, చేతుల వణుకు, చెమట, ఎంత తిన్నది, ఎన్నిసార్లు లేచింది. ఇద్దరూ సంతకం పెట్టాలి. మా వార్డులో వేలిముద్ర వేసే ఆయాలు కూడా ఇలాగే అప్పగించేవాళ్లు.

మొండిఘటం:
మీరంతా మెత్తగా మాట్లాడుతున్నారు. ఇవాళ ఫోన్, రేపు క్వార్టర్ సీసా. ఆ ఫోన్‌లో మాట్లాడింది లీడరుతోనా, మందు తెచ్చిచ్చేవాడితోనా, ఎవరు చూశారు?

ప్రొద్దుటూరు పిల్ల (కడప జిల్లా):
పైనాయన అడిగింది సబబే. అందుకే ఫోన్ చాటున కాదు, ఆఫీసులో అందరి ముందర ఉండాల.

అక్కా, నేనూ అట్ల బాగయి పనిలో చేరినదాన్నే, వేరే హోమ్‌లో. రాత్రి రెండింటప్పుడు ఒకామె ఏడుస్తా తన కథ చెప్తాంటే, అది నా కథే. తెల్లారి నర్సుకు మందుల లెక్క అప్పజెప్తాం, ఆ కథ ఎవరికి అప్పజెప్పాల? ఇంటికి పోయినా నిద్ర పట్టదు. మా మేడమ్ వారానికొకసారి బయటి కౌన్సిలర్‌ను పిలిపించి నాతో గంట కూచోబెడతాది. ఆయమ్మకు నా డ్యూటీతో గానీ జీతంతో గానీ సంబంధం లేదు. అందుకే నోరు విప్పుతా. సూపర్‌వైజర్ ముందర ఎవరైనా "నాకూ తాగాలనిపిస్తాంది" అని చెప్తారా?

అప్పు సంగతి: ఆమె నోరు తెరిచి లేదని అనలేకపోతాది, అడిగేది చుట్టుపక్కల ఊళ్లోళ్లే. ఆఫీసులో కాగితం మీద రాసి గోడకంటించండి, పనిచేసేవాళ్లెవరూ అప్పు ఇయ్యగూడదు, తీసుకోగూడదు అని. ఆమె పేరు ఎత్తొద్దు. "మా మేడమ్ ఒప్పుకోదు" అని చెప్పుకోను ఆమెకొక సాకు దొరుకుతాది. ఇంటికి పోయినోళ్లకు ఆమె నంబరు బదులు 14416 ఇయ్యండి, టెలి మానస్ అని, మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ నంబరు, రాత్రీ పగలూ ఎత్తుతారు.

ఇంకోటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. అన్నీ రాత్రి డ్యూటీలే ఎందుకేస్తారు ఆమెకు? జీతం మిగతావాళ్లతో సమానమేనా?

శనక్కాయచేను:
జీతం చూసినా చెల్లీ. ఆయాల కంటే తక్కువ. చేరినప్పుడు "ట్రైనింగ్" అని రాసుకున్నారు, అదే నడస్తా ఉంది. కమిటీ ముందర మొదలు ఇదే పెడతా, తీసేసే మాట తర్వాత.

ఆఫీసు ఫోన్ సాయంత్రం 5 నుంచి 6 దాకా, చేరిన మొదటి రోజు నుంచే. కంతు తేదీలు చేరేటప్పుడే అడిగి రాసుకుంటాం. రిజిస్టర్ నర్సమ్మ చెప్పినట్లే. అప్పు కాగితం రేపు అంటిస్తా. బయటి కౌన్సిలర్‌కే డబ్బులు యాడనుంచి తేవాలో తెలీలేదు. మీ మేడమ్ ఎంత ఇస్తారు?