బీఆర్‌సీఏ1 పాజిటివ్: అండాశయాలు ముందే తీయించుకున్నవారి అనుభవాలు కావాలి

మాధురి, వైట్‌ఫీల్డ్: మా అమ్మకు అండాశయ క్యాన్సర్ వచ్చినప్పుడు చేసిన జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ1 లోపం (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును బాగా పెంచే జన్యులోపం) బయటపడింది, తరువాత చేయించుకుంటే నాకూ అదే ఉన్నట్టు తేలింది. నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అండాశయాలూ ఫాలోపియన్ నాళాలూ ఇక ఆలస్యం చేయకుండా తీయించుకోమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు కానీ, రొమ్ముల విషయం మాత్రం నా ఇష్టానికే వదిలేశారు. ఈ తేడా ఎందుకు? ఇంట్లోనేమో జబ్బు లేని ఒంటికి కోత ఎందుకంటున్నారు.

సుజాత, జయనగర: మాధురి గారూ, తేడా అంతా పరీక్షల దగ్గరే ఉంది. రొమ్ములో మార్పును ఏటేటా ఎమ్మారై, మామోగ్రామ్‌లతో తొలిదశలోనే పట్టుకునే అవకాశం ఉంది. అండాశయానికి అటువంటి నమ్మకమైన పరీక్ష లేదు, స్కానింగూ సీఏ-125 రక్తపరీక్షా కలిపి చేసినా మరణాలు తగ్గినట్టు తేలలేదు. బీఆర్‌సీఏ1 ఉన్న వందమందిలో ఇంచుమించు 40 మందికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ వస్తుంది కనుక, పిల్లలు చాలనుకున్నాక 35–40 ఏళ్ల మధ్య తీయించుకోమంటారు. బీఆర్‌సీఏ2 అనే ఇలాంటి మరో జన్యువులో లోపం ఉంటే ముప్పు తక్కువ, వచ్చేదీ ఆలస్యంగానే, అందువల్ల 40–45 వరకు ఆగవచ్చు.

నేను లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో చేయించుకున్నాను. ఆపరేషన్ తేలికగానే గడిచింది, అసలు కష్టం ఆ తరువాత మొదలైంది: మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడటంతో ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కీళ్లనొప్పులు. నాకు రొమ్ము క్యాన్సర్ రాలేదు కాబట్టి, సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోన్లు వాడమన్నారు. వాడాక చాలావరకు కుదుటపడ్డాను. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి సాధారణంగా వీటిని ఇవ్వరు.

పద్మజ, మారతహళ్లి: తీసిన నాళాలను పాథాలజీలో సన్నని పొరలుగా కోసి పూర్తిగా పరీక్షిస్తారా అని సర్జన్‌ను ముందే అడగండి. అండాశయ క్యాన్సర్లుగా మనకు తెలిసినవి చాలావరకు నాళం చివరి అంచులో పుడతాయి, కంటికి కనిపించనివి కొన్నిసార్లు అలాగే బయటపడతాయి. బంధువులు గర్భసంచి కూడా తీయించేసుకోమంటారు (మన ఊళ్లలో ఆ సలహా మరీ చవక), కానీ బీఆర్‌సీఏ ఉందన్న ఒక్క కారణంతో అది తప్పనిసరి కాదు. ఉంచుకుంటే మాత్రం, సుజాత గారు చెప్పిన హార్మోన్లలో ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టెరాన్ కూడా వాడాల్సి ఉంటుంది.

లలిత, హెబ్బాళ: నేను రెండు రొమ్ములూ తీయించుకుని పునర్నిర్మాణం చేయించుకున్నాను. ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది, సున్నా కాదు. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తానూ ఇలాగే రొమ్ములు తీయించుకున్నానని బయటపెట్టినప్పటినుంచి అందరూ ఆవిడ పేరే చెబుతారు కానీ, ఛాతీ మీద స్పర్శ పోతుందనే సంగతి ఎవరూ చెప్పరు. నాకు ఇంతవరకు తిరిగి రాలేదు. అయినా మళ్లీ ఆ నిర్ణయమే తీసుకుంటాను.

రవికిరణ్, కె.ఆర్. పురం: మా అక్క రిపోర్టులో వచ్చింది అర్థం తేలని మార్పు, అంటే వీయూఎస్. దాన్నిబట్టి ఆపరేషన్ చేయకూడదని జన్యు సలహాదారు స్పష్టంగా చెప్పారు. మరొకటి, ఈ లోపం తండ్రి వైపునుంచీ రావచ్చు, కాబట్టి మేనత్తల ఆరోగ్య చరిత్రనూ అడగండి. బీమా సంగతికొస్తే, జబ్బు లేదు కదా అని మా తెలిసినవారి క్లెయిమ్‌ను తిరస్కరించారు; అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

మాధురి, వైట్‌ఫీల్డ్: అందరికీ ధన్యవాదాలు. ముందు అండాశయాలు తీయించుకుని, రొమ్ములకు ప్రస్తుతం ఎమ్మారైతోనే సాగుతాను. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలి?

సుజాత, జయనగర: ఆపరేషన్‌కు ముందో, అయిన కొత్తలోనో ఒకసారి చేయించుకుంటే తరువాతివాటిని దానితో పోల్చి చూస్తారు. కాల్షియం, విటమిన్ డి సంగతి కూడా అప్పుడే మాట్లాడండి.