ఇంటి పన్ను కాగితం తడిసిపోయింది, నాన్న పేరు మార్చుడు ఎట్ల?

నమస్తే అన్నలూ అక్కలూ, మాది వరంగల్‌ల కాశిబుగ్గ దిక్కు, నేను పని మీద కరీంనగర్‌ల ఉంట, ఇంటికాడ అమ్మ ఒక్కతే ఉంటది. మొన్న ఇంటి పన్ను కాగితం గేటు సందుల పెట్టిపోయిన్రట, రాత్రి గాలివాన కొట్టి మొత్తం నానింది, అమ్మ దాన్ని దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసి దాచింది గానీ అసెస్‌మెంట్ నంబర్ల, అంటే పన్ను లెక్కకు మా ఇంటికిచ్చిన నంబర్ల, చివరి మూడంకెలు కనబడుతలేవు. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తరు కదా, నేను ఊరికి వచ్చేసరికి మే పడ్డది, అది పోయింది. పైసల కన్నా అమ్మ తనదే తప్పన్నట్టు బాధపడుతుంటే మనసుకు మంచిగ అనిపిస్తలేదు.

ఇంటి నంబర్ కొట్టి అసెస్‌మెంట్ నంబర్ ఆన్‌లైన్‌ల తీయొచ్చా, లేకుంటే పాత రసీదు వెతకాల్నా? ఇంకోటి, కాగితం ఇంకా నాన్న పేరు మీదనే వస్తుంది, ఆయన పోయి రెండేండ్లాయె. అమ్మ పేరు మీదికి మార్చాలంటే డెత్ సర్టిఫికెట్‌తోని పాటు ఏమేం పెట్టాలె, ఈ మధ్య చేయించుకున్నోళ్లు ఉంటే చెప్పండ్రి. నల్లా బంద్ ఉండే రోజులు కూడా అమ్మకు బిందెలు ఖాళీ అయినంకనే తెలుస్తున్నయి, వరంగల్ కార్పొరేషన్ 66 డివిజన్లల్ల మీ దగ్గర ఈ కబురు ముందే ఎట్ల తెలుస్తుంది, వాట్సాప్ గ్రూపులనా, ఫోన్‌కు మెసేజా? అమ్మది చిన్న బటన్ల ఫోన్, అది కూడా చూసి చెప్పండ్రి.