శాటిలైట్ మ్యాప్ చూసి ఎరువు వేయొచ్చా? మీ అనుభవాలు చెప్పండి

పొలంగట్టు:
సెంటినెల్-2 ఉపగ్రహ ఇమేజీల్లో పంట పచ్చదనాన్ని అంకెల్లో చూపే సూచిక అయిన ఎన్‌డీవీఐ చూస్తున్నాను. మొక్కజొన్న చేలో ఒక మూల ఎర్రగా, అంటే విలువ తక్కువగా చూపిస్తోంది, మిగతాదంతా పచ్చగానే ఉంది. అక్కడ యూరియా వేసేయమంటారా?

మట్టిబెడ్డ:
ఇప్పుడే వద్దండీ. ఆకులు ఎరుపు కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయి, పరారుణ కాంతిని ఎంత వెనక్కి పంపుతున్నాయి అన్నదే ఎన్‌డీవీఐకి ఆధారం. నత్రజని తగ్గినా, నీరు నిలిచినా, వేరు కుళ్లినా, మొలకే పలచగా ఉన్నా ఆ విలువ పడిపోతుంది. కలుపు దట్టంగా ఉంటే పెరుగుతుంది కూడా! ఎక్కడికి వెళ్లి చూడాలో మ్యాప్ చెబుతుంది, కారణం మొక్క దగ్గరే తెలుస్తుంది. అడుగు ఆకుల్లో కొన నుంచి నడిమి ఈనె వెంట 'వి' ఆకారంలో పసుపు పాకుతుంటే నత్రజని లోపమే అనుకోవచ్చు. అలా లేకపోతే మొక్క పీకి వేరు చూడండి.

మబ్బుపట్టు:
అదే రోజు మామూలు రంగుల ఇమేజీ కూడా తెరిచి చూడండి. పలచటి మబ్బు కమ్మినా విలువ తగ్గుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహాలు రెండూ కలిసి 5 రోజులకోసారి వస్తాయన్న మాటే గానీ, వానాకాలంలో వారాల తరబడి మబ్బే. అప్పుడు నాకు సెంటినెల్-1 ఉపగ్రహంలోని రాడారే దిక్కు, అది మబ్బుల్లోంచి చూస్తుంది. కదలకుండా నిలిచిన నీరు అందులో నల్లగా పడుతుంది.

చిన్నకమతం:
గట్టు పక్క విలువలను నమ్మకండి. ఒక్కో పిక్సెల్ 10 మీటర్ల చదరం. గట్టు మీది చెట్లు, బాట అన్నీ పంటతో కలిసిపోతాయి. నేను అంచు పిక్సెళ్లు వదిలేసి లోపలివే లెక్కలోకి తీసుకుంటాను.

చెరువుకట్ట:
మేం చెరువు విస్తీర్ణం చూడటానికి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ ఇమేజీలు వాడుతున్నాం. 1972 నుంచి రికార్డు ఉంది, 2008 నుంచి ఉచితం. ఏటా అదే నెలతో పోల్చాలి. గుర్రపుడెక్క అల్లుకుంటే నీరున్న చోటు కూడా పచ్చదనంగా పడి, చెరువు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆక్రమణ అని ఫిర్యాదు రాసేముందు ఒకసారి కట్ట మీదికి వెళ్లి రండి.

పొలంగట్టు:
ఆ మూలకు వెళ్లి వచ్చాను. 'వి' పసుపు లేదు. మన్ను జిగటగా ఉంది, వేళ్లు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. యూరియా ఆపేసి కాలువ తీయిస్తున్నాను. తర్వాత ఏం గమనించాలి?

మట్టిబెడ్డ:
పక్కనున్న మంచి భాగంతో తేడా చూస్తూ ఉండండి. పంట ఎదిగేకొద్దీ చేనంతా విలువ పెరుగుతుంది కాబట్టి ఆ మూల అంకె ఒక్కటే చూస్తే కోలుకుందో లేదో తెలియదు. మబ్బు లేని రెండు మూడు ఇమేజీలు వచ్చాక ఆ తేడా ఇక్కడ పెట్టండి.