డార్విన్‌కి ఆ ఐడియా గలపగోస్‌లోనే తట్టిందా? మరి పుస్తకానికి అన్నేళ్ళెందుకు?

పుస్తకాలపురుగు:
స్కూల్లో చదివినప్పటి నుంచీ నా బుర్రలో ఒకటే బొమ్మ. డార్విన్ బీగిల్ ఓడెక్కాడు, గలపగోస్‌లో రకరకాల ముక్కులున్న ఫించ్ పిట్టల్ని చూశాడు, టక్కున ప్రకృతి వరణం తట్టింది, ఇంటికొచ్చి పుస్తకం రాసేశాడు. కానీ మొన్న డేట్లు చూస్తే ఎక్కడా కుదరట్లేదు. ఆయన గలపగోస్‌లో ఉన్నది 1835లో, 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' పుస్తకం వచ్చింది 1859లో. మధ్యలో 24 ఏళ్ళు ఏం చేసినట్టు? ఇంకోచోటేమో అసలు కనిపెట్టింది వాలెస్ అనే ఆయన, డార్విన్ కొట్టేశాడు అని ఉంది. ఏది నిజం ఏది కథ, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. దేవుడున్నాడా లేడా గొడవ మాత్రం వద్దు, ప్లీజ్.

పాతనోట్‌బుక్:
ఫించ్‌ల కథ చాలావరకు తర్వాత్తర్వాత అల్లిందేనండి. ఆయన అక్కడున్నది ఓ అయిదు వారాలు. పిట్టల్ని పట్టాడు గానీ ఏది ఏ దీవిలో దొరికిందో సరిగ్గా రాసుకోలేదు, కొన్నిటినైతే ఫించ్‌లని కూడా అనుకోలేదు. 1837 మొదట్లో లండన్‌లో జాన్ గౌల్డ్ అనే పక్షుల నిపుణుడు చూసి, ఇవన్నీ ఫించ్‌లే, ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు అని చెప్పాడు. అప్పుడు మన హీరో ఓడలో తోటివాళ్ళు పట్టుకొచ్చిన పిట్టల లేబుళ్ళు చూసి ఏది ఏ దీవిదో తేల్చుకోవాల్సొచ్చింది. నిజంగా ఆయన్ని కదిలించినవి మాకింగ్‌బర్డ్‌లు అనే వేరే పిట్టలు, వాటికి దీవుల పేర్లు రాసిపెట్టుకున్నాడు, గౌల్డ్ అవి మూడు వేరువేరు జాతులు అనేసరికి ఒక్కో దీవికి ఒక్కోటి ఎందుకుండాలి అనే ప్రశ్న పట్టుకుంది. ఆ ఏడాది జులైలోనే జాతులు మారడం గురించి ఎవరికీ చెప్పకుండా ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాడు, ఆ ఫేమస్ కొమ్మల చెట్టు బొమ్మ దాంట్లోదే.

కానీ అప్పటికి చేతిలో ఉన్నది "జాతులు మారతాయి" అన్నంతవరకే. అదేం కొత్త మాట కాదు, లామార్క్ 1809లోనే పుస్తకం వేశాడు, డార్విన్ తాత ఎరాస్మస్ అంతకన్నా ముందే అన్నాడు. ఎలా మారతాయి అన్నదే అసలు చిక్కు. 1838 సెప్టెంబర్ చివర్లో జనాభా మీద మాల్థస్ రాసిన వ్యాసం చదివాడు, తిండికి మించి జనం పెరిగిపోతారు అని అందులో వాదన. డార్విన్ దాన్ని ప్రతి మొక్కకీ ప్రతి జంతువుకీ పెట్టి చూశాడు. పుట్టేవి బోలెడు, బతికి పిల్లల్ని కనేవి కొన్నే, మరి ఆ కొన్ని ఏవి? కాస్త పనికొచ్చే తేడాతో పుట్టినవాటికి ఛాన్స్ ఎక్కువ, ఆ తేడా పిల్లలకీ వస్తుంది, ఇలా లెక్కలేనన్ని తరాలు, ప్రకృతి వరణం అంటే ఇదే. అన్ని తరాలకి టైమ్ ఎక్కడిది అంటే అది భూమి చాలా పాతదని చెప్పిన లయెల్ భూగర్భశాస్త్రం ఇచ్చింది, ఆ పుస్తకం మొదటి సంపుటం ఓడలోనే ఆయన దగ్గరుంది.

చీకట్లోదీపం:
పై ఆయన బాగా చెప్పారు కానీ 1838లోనే దొరికితే 1859 దాకా ఎందుకు ఆగినట్టు? సింపుల్, భయం. 1842లో పెన్సిల్‌తో చిన్న చిత్తుప్రతి రాశాడు, 1844లో దాన్ని రెండొందల పేజీలు దాటించాడు, అయినా ప్రింట్‌కి ఇవ్వలేదు, నేను పోతే దీన్ని అచ్చు వేయించు, 400 పౌండ్లు ఖర్చుపెట్టు అని భార్య ఎమ్మాకి ఉత్తరం రాసి పెట్టాడు! అదే ఏడాది ఇంకొకరు పేరు లేకుండా జాతులు మారతాయని పుస్తకం వేస్తే పండితులు చీల్చి చెండాడారు. అది చూసి ఎవరికి ధైర్యం ఉంటుంది?

పాతనోట్‌బుక్:
భయం లేదనను, జాతులు మారతాయని నమ్ముతున్నా అని తన స్నేహితుడు, మొక్కల శాస్త్రవేత్త హుకర్‌కి చెప్పేటప్పుడు హత్య చేశానని ఒప్పుకున్నట్టుంది అని ఆయనే రాశాడు. కానీ భయం ఒక్కటే అంటే నేను ఒప్పుకోను బ్రో. 1846 నుంచి 1854 దాకా బార్నకిల్స్ మీద కూర్చున్నాడు, రాళ్ళకీ ఓడల అడుగుకీ అంటుకుని బతికే ఆ చిన్న జీవుల్ని ఎనిమిదేళ్ళు కోసి చూశాడు. దాక్కునేవాడు అంత కష్టపడడు. ఏ జాతి తీసుకున్నా లోపల ఎన్ని తేడాలుంటాయో అక్కడే కళ్ళారా చూశాడు. తర్వాత పావురాల పెంపకందార్లతో తిరిగాడు, విత్తనాల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి సముద్రం దాటినా మొలుస్తాయా అని చూశాడు. ఇవేవీ లేకుండా 1844లోనే వేసుంటే ఆ పేరు లేని పుస్తకానికి పట్టిన గతే దీనికీ పట్టేది.

దీవులబాట:
వాలెస్ సంగతి నేను చెప్తా. కొట్టేయడం అనేది తప్పు, ఎందుకంటే 1844 ప్రతి హుకర్ అప్పటికే చదివున్నాడు. కానీ వాలెస్ సొంతంగా అక్కడికే చేరుకున్నాడన్నది కూడా నిజం. డబ్బున్న ఇంటివాడు కాదు, నమూనాలు పట్టి అమ్ముకుని బతికినవాడు, 1852లో అమెజాన్ నుంచి వస్తుంటే ఓడ తగలబడి కలెక్షన్ చాలావరకు పోయింది. అయినా మళ్ళీ ఇప్పటి ఇండోనేషియా దీవులకి బయల్దేరాడు. 1858లో అక్కడ జ్వరంతో పడుకుని ఉండగా ఆయనకీ మాల్థసే గుర్తొచ్చాడు! వ్యాసం రాసి నేరుగా డార్విన్‌కే పంపాడు, జూన్‌లో అది అందేసరికి డార్విన్‌కి నోట మాట రాలేదు. లయెల్, హుకర్ కలిసి ఇద్దరి రాతల్నీ జులై 1న లండన్‌లో లినియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రవేత్తల సంఘంలో చదివించారు. ఇద్దరూ అక్కడ లేరు, డార్విన్ పసిబిడ్డ అంతకు కొద్దిరోజుల ముందే చనిపోయాడు, వాలెస్ ఎక్కడో దీవుల్లో ఉన్నాడు, ఆయన్ని అడగనేలేదు. నాకు నచ్చనిది అదొక్కటే. కానీ వాలెస్ ఎప్పుడూ కోపం పెట్టుకోలేదు, 1889లో తన పుస్తకానికి 'డార్వినిజం' అనే పేరు పెట్టాడు.

పుస్తకాలపురుగు:
థాంక్స్ అందరికీ. ఇంకొక్క డౌట్, ఆ తేడా పిల్లలకి ఎలా వెళ్తుందో ఆయనకి తెలుసా? జీన్స్ అప్పటికి లేవు కదా.

పాతనోట్‌బుక్:
తెలీదండి, అదే ఆయన బలహీనత. అమ్మానాన్నల లక్షణాలు రెండు రంగులు కలిసినట్టు కలిసిపోతాయని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్ళు. అలాగైతే ఒక మంచి తేడా నాలుగు తరాలకి పల్చబడి పోతుంది కదా అని 1867లో ఫ్లీమింగ్ జెన్కిన్ అనే ఇంజనీర్ గట్టిగా పట్టుకున్నాడు. లక్షణాలు కలిసిపోవు, విడివిడిగానే తరాలు దాటతాయి అన్న జవాబు అప్పటికే, 1866లోనే, మెండెల్ బఠాణీల వ్యాసంలో అచ్చయి ఉంది, పట్టించుకున్నవాళ్ళు లేరు. 1900లో అది మళ్ళీ బయటపడ్డాక కొన్నాళ్ళు మెండెల్ మనుషులు, డార్విన్ మనుషులు కొట్టుకున్నారు, ఫిషర్, హాల్డేన్, రైట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి రెండూ ఒకదానికొకటి పొసగుతాయని తేల్చేసరికి 1930లు వచ్చాయి.

ఓపికుంటే 1858లో చదివిన ఆ రెండు వ్యాసాలు చూడండి, చిన్నవే, నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. నాకైతే వాలెస్‌దే ముందు చదవడం ఈజీగా అనిపించింది.