గ్యాసు ఎక్కించడమా, గ్యాసు పట్టడమా?

కావలి: అమెరికాలో ఉన్న మా మేనల్లుడు తన వరకు ఇంట్లో బీరు తయారు చేసుకుంటాడు. అక్కడ 1978లో వచ్చిన చట్టం దీనికి వీలిచ్చింది. లైసెన్సు లేకుండా మన దగ్గర కుదరదు, ఆశ పెట్టుకోకండి. నిన్న ఫోనులో "మామా, కార్బొనేషన్‌ను తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. కర్బనీకరణం అంటే బొగ్గు పూసినట్టు వినిపిస్తుంది. గోలీసోడా గుర్తొచ్చి "గ్యాసు ఎక్కించడం" అని చెప్పాను. సరేనా?

ఒంగోలు: సోడాకు సరే. సిలిండరులోని గ్యాసును ఒత్తిడితో నీళ్లలోకి తోస్తారు. ఆ ఒత్తిడికే గోలీ పైకి లేచి మెడలోని రబ్బరుకు అతుక్కుంటుంది. అక్కడ ఎక్కించేవాడు ఒకడున్నాడు. మీ మేనల్లుడి సీసాలో ఎవరున్నారు? పులిసిన బీరులో మిగిలిన ఈస్టు, సీసాల్లో పోసే ముందు కలిపిన కాస్త చక్కెర తిని గ్యాసు వదులుతుంది. మూత బిగించి ఉంది కాబట్టి అది బయటికి పోలేక బీరులోనే కరుగుతుంది. ఇది ఎక్కించడం కాదు, పట్టడం. తుప్పు పట్టింది, బూజు పట్టింది అంటాం చూడండి, అలా "గ్యాసు పట్టింది". ఎవరికైనా కడుపు గుర్తొస్తే నా పూచీ లేదు.

నెల్లూరు: మరి ఆ చక్కెర పేరు? తోడు అనవచ్చేమో. మా అమ్మమ్మ చేమిరి అనేది.

ఒంగోలు: కుదరదండీ. పాలను పెరుగు చేసే జీవులు చేమిరిలోనే ఉంటాయి. ఇక్కడ ఆ పని చేసే ఈస్టు ముందే బీరులో ఉంది. చక్కెర దానికి మేత.

కావలి: మేత చక్కెర! వాడికి చెబితే తెగ నవ్వాడు. లీటరుకు ఆరేడు గ్రాముల మేత వేస్తాడట. కొద్ది నీళ్లలో మరిగించి చల్లార్చి, బీరంతటికీ సమంగా కలిపి, సీసా పైన రెండు మూడు సెంటీమీటర్లు వెలితి ఉంచి మూత బిగిస్తాడు. తర్వాత 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు కదపడు. ఒకసారి పులియడం పూర్తికాకముందే తొందరపడి సీసాల్లో పోశాడు. ఉన్న తీపికి మేత తోడై అర్ధరాత్రి మూడు సీసాలు పేలాయి.

నెల్లూరు: తోడై అన్నారు, చూశారా!

కావలి: ఆ తోడు వేరండీ. సరే, గ్యాసు చాలకపోతే చప్పబడింది, ఎక్కువైతే పొంగింది అంటాం. సరిపోయినప్పుడు?

ఒంగోలు: ఆవకాయలో ఉప్పు కుదిరింది అనమా? గ్యాసు కుదిరింది.