షుగర్ మాత్రలు వాడుతుండగా ఉన్నట్టుండి చెయ్యి, కాలు పట్టు తప్పితే?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఇందాక మాత్ర వేసుకుని, ఇంకా ఏమీ తినకుండా చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడి చెయ్యి వాలిపోయింది, కుడి కాలూ తడబడింది. చక్కెర నీళ్లు తాగించాక పావుగంటలో మామూలయ్యారు. "ఏం లేదు, మాత్ర పడలేదంతే" అంటున్నారు. మాత్ర మానేయాలా?

జవాబు: మాత్ర సంగతి తర్వాత, ముందు అంబులెన్స్ పిలవండి. ఒకే వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పితే మొదట అనుమానించాల్సింది పక్షవాతాన్నే. తగ్గిపోయింది కదా అని ఆగొద్దు. కాసేపట్లో తగ్గిపోయే చిన్న స్ట్రోక్ ఉంటుంది, దాని తర్వాత పెద్దది వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇస్తారు, కాబట్టి ఆయన చివరిసారి బాగా ఉన్న టైమ్ రాసిపెట్టుకోండి.

రెండో అనుమానం షుగర్ పడిపోవడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అది అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. షుగర్ బాగా పడిపోతే మెదడుకు గ్లూకోజ్ అందక, కొందరిలో అచ్చం పక్షవాతంలాగే ఒకవైపు చచ్చుబడుతుంది, మాట ముద్దగా వస్తుంది. 70 కంటే తక్కువ ఉంటే పడిపోయినట్టే లెక్క.

ప్రశ్న: అప్పుడు మీటర్‌లో చూడలేదండీ. ఇప్పుడు 118 ఉంది. ఇంకా వెళ్లాలా?

జవాబు: వెళ్లాలి. అది చక్కెర నీళ్లు తాగాక వచ్చిన అంకె, అప్పుడెంత ఉందో చెప్పదు. పైగా గ్లిమిపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి, కిడ్నీ సమస్య ఉంటే తప్పకుండా చెప్పండి. మెదడు స్కాన్ తీయకముందే ఆస్పిరిన్ మాత్రం వేయొద్దు. రక్తస్రావం వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే అది ఇంకా చేటు.

మరో సభ్యుడు: మెట్‌ఫార్మిన్‌తో విటమిన్ బి12 తగ్గి నరాలు దెబ్బతింటాయంటారు కదా, అది కావచ్చేమో?

జవాబు: అది నిజమే కానీ ఇలా రాదు. నెలలు, ఏళ్లు పడుతుంది, ఎక్కువగా రెండు పాదాల్లో తిమ్మిర్లతో మొదలవుతుంది. నిమిషాల్లో ఒక వైపు పడిపోవడానికి అది కారణం కాదు.

ప్రశ్న: అంబులెన్స్ వస్తోంది. దారిలో మళ్లీ అలాగే అయితే చక్కెర పెట్టొచ్చా?

జవాబు: ముందు మీటర్ చూడమనండి. 70 లోపు ఉండి, స్పృహలో ఉండి, సరిగ్గా మింగగలిగితేనే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. మూతి వంకరపోయినా, మగతగా ఉన్నా నోట్లో ఏమీ పోయొద్దు. తర్వాతి డోసు డాక్టర్ చెప్పేదాకా ఆపండి.